తమకు అభ్యంతరం లేనట్లయితే

ఆదివారం మధ్యాహ్నం బంగాళాదుంపల తొక్క తీస్తూ మా ఆయన తోర్కిల్, వచ్చే శుక్రవారం రోడికాని పనిలోంచి తీసేస్తానన్నాడు. ఆ అమ్మాయి చేసిన నేరం ఏమిటంటే, బ్రేక్ తీసుకోదట.

నేను చాకు కింద పెట్టాను. టమాటాలు పండించే మా గాజు షెడ్లలోంచి ఇరవై ఆరేళ్లలో ముగ్గురినే పంపించాం. ఒకడు తాగి వచ్చి బండిని గాజు గోడలోంచి బయటికి నడిపాడు. ఒకడు అసలు రావడమే మానేశాడు. మూడోవాడు తోర్కిల్ తమ్ముడు. పని ఎక్కువ చేసినందుకు ఇంతవరకు ఎవరినీ పంపలేదు.

"పని ఎక్కువైందని కాదు ఇంగెలిసె. మనిషి కలవట్లేదు," అన్నాడు తోర్కిల్. "తొమ్మిదిన్నరకి అందరూ కాఫీకొస్తారు. తను రాదు. ఐగన్ ఏమన్నాడో తెలుసా? 'మీరంతా సోమరిపోతులని ఆవిడ రోజూ తొమ్మిదిన్నరకి దండోరా వేస్తోంది' అన్నాడు. యుట్టె తన పుట్టినరోజుకి అంత పెద్ద కేకు చేసుకొచ్చిందా, ఆ రోజూ రాలేదు. టమాటా తీగలు కిందికి దింపుకుంటూ కూచుంది."

కేకు మాట వినగానే నాకూ గుండె జారింది. డెన్మార్క్‌లో, అందులోనూ మా ఫ్యూన్ దీవిలో, దొంగతనాన్ని క్షమిస్తారు గాని కేకు తినని మనిషిని క్షమించరు.

"తనని ఎవరైనా పిలిచారా?"

నేనేదో బూతు మాట అన్నట్టు చూశాడు తోర్కిల్. "పిలవడమేమిటి? చిన్నపిల్లా? రావాలనుకుంటే వస్తుంది. 'వచ్చి కూచో' అంటే బలవంతం చేసినట్టు ఉండదూ?"

అంటే ఆరుగురు మనుషులు మూడు నెలలుగా రోడికా స్వేచ్ఛని గౌరవిస్తూ, గౌరవిస్తూ, ఆమె మొహం చూడలేని స్థితికి వచ్చారన్నమాట.

రోడికా రొమేనియా నుంచి వచ్చింది. ముప్పై నాలుగేళ్లు. మా పాత కొట్టు మీద రెండు గదుల్లో కూతురితో ఉంటుంది. ఆ గదులు పనితో పాటు ఇచ్చినవి. ఆ పిల్ల ఇలింకాకి మా ఊరి బడిలో ఆగస్టు నుంచి సీటు దొరికింది. ఆ దరఖాస్తు మా వంటింటి బల్ల మీదే నింపాం. పని పోతే గదులు పోతాయి, గదులు పోతే బడి పోతుంది. ఇదంతా తోర్కిల్‌కి తెలుసు. తెలుసు కాబట్టే బంగాళాదుంపని అవసరమైనదానికంటే లోతుగా చెక్కుతున్నాడు. శుక్రవారంతో మూడు నెలల పరీక్షా గడువు అయిపోతుంది. ఆ తరవాత తీసెయ్యాలంటే కాగితాలు, యూనియనూ.

"శుక్రవారం దాకా ఆగు," అన్నాను. "ఈలోపు తను కాఫీకి వస్తే?"

"వస్తే మంచిదే. కాని నువ్వు చెప్పకూడదు. చెప్తే వచ్చినట్టు కాదు."

నేను ఒడెన్సే యూనివర్సిటీలో డేనిష్ భాష చదివాను. టీచరు కావలసినదాన్ని, టమాటాలని పెళ్లి చేసుకున్నాను. ఇప్పుడు ఇల్లు చూసుకుంటూ, షెడ్డు తలుపు మీద తోర్కిల్ అంటించే నోటీసుల్లో కామాలు సరిదిద్దుతూ ఉంటాను. ఎవరూ అడగరు, అయినా సరిదిద్దుతాను. అందుచేత తోర్కిల్ చెప్పొద్దన్నా, సోమవారం లంచ్ వేళకి షెడ్డుకి వెళ్లాను.

రోడికా సైకిళ్లు పెట్టే రేకుల కింద, తిరగేసిన టమాటా పెట్టె మీద కూచుని రొట్టె తింటోంది. షెడ్డు లోపల ముప్పై నాలుగు డిగ్రీల వేడి, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడి, తింటున్నది గబుక్కున మింగేసింది.

"కూచో కూచో. ఇక్కడెందుకు తింటున్నావు? కాఫీ గది ఉందిగా."

"అది పర్మనెంటు వాళ్లది కదండీ?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. ఎవరూ ఏమీ చెప్పరు." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పొద్దున తొమ్మిదిన్నర అయ్యేసరికి అందరూ మాయమైపోతారు. గంట ఉండదు, పిలుపు ఉండదు. మొదటి వారం మీటింగేమో అనుకున్నా. రెండోవారం చర్చి ప్రార్థనేమో అనుకున్నా. మూడోవారం అడుగుదామనుకున్నా, కాని ఎలా అడగాలో తెలీలేదు. నేను ఇదివరకు పనిచేసిన తోటలో సూపర్‌వైజరు మెడలో ఈల ఉండేది. టాయిలెట్‌కి వెళ్లాలంటే చెయ్యెత్తాలి. ఇక్కడ ఎవరికి చెయ్యెత్తాలి?"

"మరి టాయిలెట్ వచ్చినప్పుడు ఏం చేస్తున్నావు?"

"నీళ్లు తాగట్లేదు," అంది రోడికా, పెద్ద ఉపాయం కనిపెట్టినట్టు.

ఆ వేడిలో నీళ్లు తాగకుండా మూడు నెలలు. నాకు తోర్కిల్ మీద కోపం వచ్చింది, ఐగన్ మీద వచ్చింది, మొత్తం డెన్మార్క్ మీద వచ్చింది. మంగళ, గురువారాలు సాయంత్రం ఆమె భాషా తరగతికి వెళ్తుంది. అక్కడ రైలు టికెట్టు కొనడం, డాక్టరుకి కాలేయం ఎక్కడుందో చూపించడం, పొరుగువాడి పిల్లి గురించి ఫిర్యాదు చెయ్యడం నేర్పారట. బ్రేక్ అడగడం సిలబస్‌లో లేదు.

"నేను నేర్పుతాను," అన్నాను. ఇరవై ఆరేళ్లుగా ఎవరైనా నన్ను భాష గురించి అడుగుతారా అని ఎదురుచూస్తున్నదాన్ని. కాగితం తీసుకుని, సవ్యంగా, ఒక్క దోషం లేకుండా వాక్యం రాసిచ్చాను. రోడికా దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. సాయంత్రం దాకా తీగల మధ్య పెదవులు కదుపుతూ ఉందని తరవాత యుట్టె చెప్పింది. ప్రార్థన చేసుకుంటోందనుకుందట.

మంగళవారం పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకి మా వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. తోర్కిల్ మొహం మేము ఎగుమతి చేసే మొదటి రకం సరుకులా ఉంది.

"ఏం నేర్పావు ఆ అమ్మాయికి?"

"ఏమంది?"

"నా ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, అందరూ వింటుండగా..." తోర్కిల్ గొంతు సవరించుకున్నాడు. "'తోర్కిల్ గారూ, తమకు అభ్యంతరం లేనట్లయితే, పనికి ఆటంకం కలగని విధంగా, స్వల్పకాలిక విరామం తీసుకొనుటకు అనుమతి ప్రసాదించగలరా?' అంది. గారట! తమరట! నన్ను! మా నాన్నని కూడా ఎవరూ గారు అనలేదు. ఐగన్ చేతిలో బుట్ట వదిలేశాడు. నేనేదో ఆ అమ్మాయిని గొలుసులేసి కట్టేసినట్టు చూస్తున్నారందరూ."

"వాక్యంలో తప్పేం లేదే."

"అదే కదా తప్పు!"

"సరే, నువ్వేమన్నావు?"

"ఏమంటాను? 'నీ ఇష్టం' అన్నాను."

నేను కళ్లు మూసుకున్నాను. మా వాళ్లకి 'నీ ఇష్టం' అంటే నిజంగా నీ ఇష్టమే. ఈల వేసే సూపర్‌వైజరు దగ్గర పనిచేసొచ్చిన మనిషికి దాని అర్థం వేరే. కిటికీలోంచి చూస్తే మూడో షెడ్డులో రోడికా ఎక్కి పనిచేసే ఎత్తు బండి ఆ వరస నుంచి ఈ వరసకి దూసుకుపోతోంది. ఇందాకటి కంటే రెట్టింపు వేగంతో తీగలు దింపుతోంది.

బుధవారం నేను యుట్టె దగ్గరికి వెళ్లాను. మా షెడ్లలో టమాటాలు రకాలుగా వేరుచేసే బల్ల దగ్గర ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమెదే రాజ్యం.

"యుట్టె, నువ్వు బ్రేక్ కావాలంటే ఏమని అడుగుతావు?"

"అడగడమా? ఎవరిని?" పగిలిన టమాటాని బకెట్లోకి విసిరింది. "నేనెప్పుడూ అడగలేదు. చచ్చినా అడగను."

"మరి ఎలా వెళ్తావు?"

"కాళ్లతో."

"కొత్తగా వచ్చినవాళ్లకి ఎలా తెలుస్తుంది తల్లీ?"

"నాకెలా తెలిసింది?" అంది. ఆలోచించింది. ఇంకాస్త ఆలోచించింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ ప్రశ్న ఆమెకి మొదటిసారి ఎదురైనట్టుంది. "తెలీదు. వెళ్లేదాన్ని, అంతే. అయినా నీకెందుకీ గోల? కేకు ముట్టుకోని దాని కోసం ఇంత ఆరాటమా?"

ఆవిడతో లాభం లేదని, నోటుబుక్కు తెచ్చుకుని బల్ల పక్కనే ఒక స్టూలు మీద కూచున్నాను. టమాటాల లెక్క చూస్తున్నాననుకున్నారు. నేను మనుషుల్ని చూస్తున్నాను.

తొమ్మిదీ ఇరవై: ఐగన్ పని ఆపి గాజు పైకప్పులోంచి ఆకాశం చూశాడు. అక్కడ ఏమీ లేదు. తొమ్మిదీ ఇరవై మూడు: 'అవునవును' అన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తొమ్మిదీ ఇరవై ఐదు: యుట్టె, "ఐగన్, నీ నడుం పట్టేసిందా ఏం?" అంది. "నా నడుం నిక్షేపంగా ఉంది, నీ మోకాలు సంగతి చూసుకో," అన్నాడు ఐగన్. తొమ్మిదీ ఇరవై ఏడు: "పాపం ఆ వేడినీళ్ల పైపుల దగ్గర వాళ్లకి మరీ వేడిగా ఉంటుంది," అని ఎవరో అన్నారు. తొమ్మిదిన్నర: షెడ్డు ఖాళీ.

నోటుబుక్కులో కింద గీత గీసి రాసుకున్నాను. ఇక్కడ ఎవరూ తాను అలిసిపోయానని చెప్పరు. పక్కవాడు అలిసిపోయాడని చెప్తారు. పక్కవాడు కాదంటాడు. అతని పరువు కాపాడ్డానికి అందరూ లేస్తారు.

నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక పరిశోధన అది. లంచ్ వేళకి సైకిళ్ల రేకుల కింద రోడికాకి అప్పజెప్పాను.

"అంటే నాకు బ్రేక్ కావాలంటే వేరేవాళ్లకి కావాలని చెప్పాలి?"

"అంతే."

"అది అబద్ధం కదండీ?"

"మర్యాద. ఇంకోటి, నన్ను 'అండీ' అనడం మానెయ్. ఒంటి మీద జెర్రి పాకినట్టుంది."

"సరే ఇంగెలిసె," అంది రోడికా చాలా కష్టపడి.

గురువారం ఏం జరిగిందో నాకు యుట్టె వచ్చి చెప్పింది. చెప్పిందనడం కన్నా కురిసిందనడం నయం.

"మా పొద్దుటి కాఫీ నాశనం చేశావు! తొమ్మిదీ ఇరవైకి ఆ రోడికా బండి దిగి తిన్నగా ఐగన్ దగ్గరకొచ్చింది. ఎంతో ప్రేమగా అతని భుజం మీద చెయ్యేసింది. 'ఐగన్, నువ్వు బాగా ముసలాడివి. పని చెయ్యలేకపోతున్నావు. కూచో' అంది!"

ఐగన్‌కి అరవై ఆరు. ఎవరైనా రిటైర్మెంటు మాట ఎత్తితే పక్క గదిలోకి వెళ్లిపోతాడు. అంతకు ముందు వారమే తోర్కిల్ 'ఎప్పుడైనా కాస్త తగ్గించుకుందువుగాని' అన్నందుకు మూడు రోజులు పలకలేదు.

"తరవాత?"

"తరవాతేముంది? ఐగన్ ఆమె పక్క వరసలోకి వెళ్లి తీగలు దింపడం మొదలెట్టాడు. తొమ్మిదిన్నరయింది, కదల్లేదు! పందొమ్మిదేళ్లలో ఆ మనిషి కాఫీ మానడం నేను చూళ్లేదు. వాళ్ల అమ్మ అంత్యక్రియల రోజు కూడా పొద్దున వచ్చి తాగి వెళ్లాడు. ఇద్దరూ పక్కపక్క వరసల్లో గుర్రప్పందెం లాగ... మేం కాఫీ గదిలో ఐదుగురం కూచుని ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. ఎవరికీ కాఫీ గొంతు దిగలేదు."

"ఎవరు గెలిచారు?"

"ఐగన్," అంది యుట్టె కాస్త గర్వంగా. "అర వరస తేడాతో. ఇప్పుడు నడుం వంగట్లేదు."

ఆ సాయంత్రం తోర్కిల్ నాతో ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో అతనికి మంచి ప్రావీణ్యం ఉంది. భోజనం అయ్యాక, "రేపు తొమ్మిదింటికి రోడికాని మన వంటింట్లోకి రమ్మన్నాను. నువ్వూ ఉండు," అన్నాడు. చెడ్డ మాట చెప్పాల్సినప్పుడు గదిలో నేనుంటే అది నేను చెప్పినట్టవుతుందని అతని ఆశ.

శుక్రవారం తొమ్మిదింటికి రోడికా వచ్చింది. శుభ్రమైన చొక్కా వేసుకుంది. నేను కాఫీ పోశాను, తాగింది. కప్పు ఖాళీ అవగానే తోర్కిల్ ఆమెకీ తనకీ మళ్లీ పోశాడు. మూడు నెలలు నీళ్లు తాగని మనిషి, అతిథిని కదా అని వద్దనకుండా అదీ తాగింది. మూడోదీ తాగింది.

తోర్కిల్ మొదలుపెట్టాడు. ఈసారి వేసవి త్వరగా వచ్చిందన్నాడు. హాలండ్ వాళ్ల టమాటాలకి రుచి లేదన్నాడు. మొక్కకీ మట్టికీ సంబంధం గురించి చెప్పాడు, మా మొక్కలు మట్టిలో కాక ఎరువు కలిపిన నీళ్ల మీద పెరుగుతాయని మరిచిపోయి. కొన్ని మొక్కలు ఎంత మంచివైనా కొన్ని చోట్ల... అని ఆగి, తుమ్మెదల దగ్గరకి వెళ్లిపోయాడు. తొమ్మిదీ పావయింది. ఇప్పుడైనా చెప్తాడని నేను నా కప్పుకేసి చూస్తూ కూచున్నాను. తుమ్మెదల నుంచి వాళ్ల నాన్న దగ్గరకి, నాన్న నుంచి తొంభై ఆరులో వడగళ్ల వాన దగ్గరకి వెళ్లాడు. ఆ వానలో ఎన్ని గాజు పలకలు పగిలాయో నాకు నోటికొచ్చు. బల్ల కింద రోడికా మోకాళ్లు కుట్టుమిషనులా ఆడుతున్నాయి. ఆమె మొహం చూస్తే తెలుస్తోంది. ఏ వాక్యమూ గుర్తు రావట్లేదు, నాది గాని, పుస్తకంలోది గాని.

"అప్పుడు ఇన్సూరెన్సు మనిషి వచ్చి..." అంటున్నాడు తోర్కిల్.

రోడికా లేచి నిలబడింది.

"తోర్కిల్, నాకు అర్జెంటు. మిగతాది తరవాత చెప్పు."

అనేసి, హాల్లో టాయిలెట్ ఉందని నేను చెప్పేలోపే వెనక తలుపు తోసుకుని పెరడు దాటి పరిగెత్తింది.

తోర్కిల్ నోరు ఇన్సూరెన్సు మనిషి దగ్గరే తెరిచి ఉండిపోయింది. నేను గడియారం చూశాను. ఐదు నిమిషాలు తక్కువ తొమ్మిదిన్నర.

తొమ్మిదీ నలభై అయినా రోడికా రాలేదు.

"ఎక్కడికి పోయింది?" అన్నాడు తోర్కిల్. "నేనింకా అసలు విషయం చెప్పలేదు."

"అరగంట టైమిచ్చిందిగా."

అతను లేచాడు. నేనూ వెనకే వెళ్లాను. కాఫీ గది తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల్నుంచి ఐగన్ గొంతు గట్టిగా వినబడుతోంది. టాయిలెట్ ఆ గదిలోంచే వెళ్లాలి. తిరిగి వస్తున్నదాన్ని దారిలో పట్టుకున్నట్టున్నారు.

"మళ్లీ చెప్పు, యుట్టె సరిగా వినలేదు. వాడు మాట్లాడుతుంటే?"

"మాట్లాడుతుంటే లేచాను," అంది రోడికా. భయం భయంగానే ఉంది. "తప్పా?"

"దేని గురించి మాట్లాడుతున్నాడు?"

"వడగళ్లు."

"వడగళ్లు!" ఐగన్ బల్ల మీద గుద్దాడు, నడుం పట్టుకుని మూలిగాడు, మళ్లీ గుద్దాడు. "వడగళ్ల దగ్గర లేచొచ్చింది! పందొమ్మిదేళ్లుగా నేను ఆ వడగళ్ల మధ్యలో లేద్దామనుకుంటున్నాను యుట్టె, నా వల్ల కాలేదు. ఎందుకు నిలబడ్డావు, కూచో. నాకు నడుం నెప్పి, జరగలేను, నువ్వే అటునుంచి తిరిగొచ్చి కూచో."

మేం లోపలికి వెళ్లేసరికి రోడికా ఐగన్‌కీ యుట్టెకీ మధ్య ఇరుక్కుని కూచుని ఉంది. ఆమె ఎదురుగా ప్రతి శుక్రవారం అందరికీ తెప్పించే రొట్టె, దాని మీద అరంగుళం మందాన వెన్న. అంత మందంగా యుట్టె తన మనవలకి తప్ప ఎవరికీ రాయదు. తోర్కిల్‌ని చూడగానే రోడికా నమలడం ఆపింది.

తోర్కిల్ గొంతు సవరించుకున్నాడు. "రోడికా, మనం ఇందాక మాట్లాడుకుంటున్న విషయం..."

రోడికా యుట్టెకేసి చూసింది. యుట్టె గోడ గడియారంకేసి చూసింది. రోడికా నోట్లో ఉన్నది నిదానంగా మింగింది.

"ఇప్పుడు బ్రేక్ కదా తోర్కిల్," అంది.

ఐగన్ నవ్విన నవ్వుకి కాఫీ బల్ల మీద ఒలికింది. తోర్కిల్ చెవులు ఎర్రబడ్డాయి. పని చేయించుకునేవాడు కాఫీ వేళలో పని మాట ఎత్తకూడదన్నది ఈ గదిలో అతనే పెట్టిన నియమం. గోడ మీద అంటించిన ఆ నోటీసులో కామా కూడా నేనే దిద్దాను. అతను చుట్టూ చూశాడు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఎవరూ లేవలేదు. చివరికి తలుపు పక్కనున్న ఖాళీ పెట్టె మీద కూచున్నాడు. యుట్టె అతనికి ఒక కప్పు అందించింది. అది అతనికి నాలుగోది. నాలుగు గుక్కల్లో తాగేశాక, తానూ టాయిలెట్‌కి వెళ్లాడు.

పావు తక్కువ పదికి ఎవరూ ఏమీ అనకుండానే గది ఖాళీ అయింది. రోడికా అందరితో పాటు వెళ్లిపోయింది, వెళ్తూ కుళాయి దగ్గర ఆగి ఒక సీసా నిండా నీళ్లు పట్టుకుంది. తోర్కిల్ తిరిగొచ్చేసరికి నేనొక్కదాన్నే బల్ల తుడుస్తున్నాను.

"ఇప్పుడు తనకి నేనేం చెప్పాలి?" అన్నాడు.

"సోమవారం ఏ వరసలో పనో చెప్పు."

అతను షెడ్డు కేసి నడిచాడు. తలుపు దగ్గర నిలబడి అతను ఏదో చెప్పడం, బండి మీంచి రోడికా తల ఊపడం కనిపించాయి. ఈసారి అరనిమిషం కూడా పట్టలేదు.